కుండమీది గీత అక్షరమేనా?

చేతిఫోనును మరొక యంత్రంతో తీగ లేకుండా కలిపేటప్పుడు తెరమీద నీలిరంగులో, కోణాలు కోణాలుగా ఉండే ఒక గీత వెలుగుతుంది. దానిని బ్లూటూత్ గుర్తు అంటారు. ఆ గుర్తును చూడని ఇల్లు ఈనాడు అరుదు. అది దేని బొమ్మ అని అడిగితే మాత్రం చెప్పగలిగినవారు ఇంకా అరుదు. ఒకరికి సీతాకోకచిలుకలాగా, ఇంకొకరికి ముడివేసిన రిబ్బనులాగా కనబడుతుంది. నిజానికి అది బొమ్మ కానే కాదు. పదవ శతాబ్దంలో డెన్మార్కును ఏలిన హరాల్డ్ అనే రాజుకు నీలిపన్ను అనే అర్థంగల మారుపేరు ఉండేది. బ్లూటూత్ అంటే అదే. అతని పేరులోని మొదటి అక్షరాన్ని, మారుపేరులోని మొదటి అక్షరాన్ని ఆనాటి లిపిలో వ్రాసి ఒకదానిపై ఒకటి పెడితే ఏర్పడిన రూపమే ఆ గుర్తు. ఆ లిపిని రూనిక్ లిపి అంటారు. ఒక్కొక్క అక్షరాన్ని రూన్ అంటారు.

రూన్ అనే మాటకు ఆ ప్రాచీన భాషలలో రహస్యమని అర్థం. మాట అటువంటిది కనుక, ఆ గీతలు కూడా మంత్రగాళ్ళవే అయి ఉంటాయని చాలాకాలం చాలామంది నమ్మినారు. రోమను చరిత్రకారుడు టాసిటస్ క్రీ.శ. 98 ప్రాంతంలో జర్మను తెగలను గురించి వ్రాస్తూ, వారు పండ్లచెట్టు కొమ్మను ముక్కలు చేసి, ముక్కలమీద గుర్తులు గీసి, తెల్లని బట్టమీద చల్లి శకునం చూసేవారని చెప్పినాడు. ఆ గుర్తులు రూనులేనని ఆయన అనలేదు. తరువాత చదివినవారు అనుకున్నారు. ఆ అనుకోవడం మీద పుస్తకాలు, ఉంగరాలు, తావీదులు ఎన్నో పుట్టుకొచ్చినవి, నేటికీ అమ్ముడుపోతున్నవి.

1955లో నార్వేలోని బెర్గెన్ రేవులో అగ్నిప్రమాదం జరిగి పాత చెక్క ఇళ్ళు కాలిపోయినవి. తరువాత ఆ చోట త్రవ్వకాలు జరిపితే రూనులు చెక్కిన కొయ్యపుల్లలు వందలకొద్దీ బయటపడినవి. వాటిలో ప్రార్థనలు ఉన్నవి, రక్షామంత్రాలూ లేకపోలేదు. అయితే సరకు మూటలకు కట్టిన చీటీపుల్లలు కూడా ఎన్నో ఉన్నవి. వాటిమీద ఉన్నది ఈ సరకు ఫలానావారిదని మాత్రమే. ప్రేమ కబుర్లు ఉన్నవి, హాస్యాలు ఉన్నవి. ఒక పుల్లమీద గీదా అనే స్త్రీ తనవానిని ఇంటికి రమ్మని పంపిన కబురు ఉన్నది. రహస్యలిపి అనుకున్నది బజారులిపి అయినది.

ఇంత దూరపు సంగతి ఎందుకు చెబుతున్నానంటే, కరీంనగరం, ఆదిలాబాదు ప్రాంతాలలో మనకు దీనికి తలక్రిందులైన చిక్కు ఒకటి ఉన్నది. వారు అక్షరాలను మంత్రపు గీతలనుకున్నారు. మనం గీత కనబడితే చాలు, అది అక్షరమేనని ఉత్సాహపడుతున్నాము.

కుండలతో ఆరంభించుదాము. పెద్దపల్లి పరిసరాలలోని కదంబాపురం మొదలుకొని ఈ ప్రాంతంలో అనేక గ్రామాల పొలిమేరలలో పెద్దరాతి సమాధులు ఉన్నవి. జనం వాటిని రాకాసిగుళ్ళు అంటారు. గుండ్రంగా పేర్చిన బండల నడుమ, రాతిపలకల గదిలో, చచ్చినవారి ఎముకలతోపాటు ఇనుప పనిముట్లు, కుండలు, మూకుళ్ళు దొరుకుతున్నవి. క్రీస్తుకు పూర్వపు సహస్రాబ్దంలోని ఇనుపయుగపు మనుషుల సమాధులివి. ఆ కుండలు చూడ ముచ్చటగా ఉంటాయి. బోర్లించి కాల్చడంవల్ల గాలి తగలని లోపలిభాగమూ మూతీ నల్లగా, వెలుపలిభాగం ఎర్రగా ఉంటుంది. తెలంగాణలోనూ, దక్షిణదేశమంతటా, ఇటువంటి కుండల భుజంమీదనో మూతి క్రిందనో కొన్ని గీతలు కనబడుతవి. నిచ్చెన, బాణం, త్రిశూలం, చేప, నక్షత్రం, నిలువుగీత కొట్టిన అర్ధచంద్రం వంటివి.

నిజాం ప్రభుత్వపు పురావస్తుశాఖను నడపిన గులాం యజ్దానీగారు హైదరాబాదు పరిసరాల సమాధులలో దొరికిన కుండలమీది ఇటువంటి గుర్తులను సేకరించి, 1917లో హైదరాబాదు పురావస్తు సంఘపు పత్రికలో ప్రకటించినారు. వాటిలో కొన్ని అశోకుని కాలపు బ్రాహ్మీ అక్షరాలను పోలి ఉన్నవని ఆయన గమనించినారు. అప్పటినుండి ఇది ఒక తెగని చర్చ. 1960లో బి. బి. లాల్‌గారు ఈ గుర్తులను సింధునాగరికత గుర్తులతో పోల్చి, సమాధికుండల గుర్తులలో నూటికి 89 అంతకుముందటి తామ్రయుగంలోనూ హరప్పాలోనూ ఉన్నవేనని లెక్కతేల్చినారు. అయినా అది లిపి అని ఆయన చదివి చూపలేదు. ఇటీవల తమిళనాడు ప్రభుత్వం తమ రాష్ట్రంలోని కుండగుర్తులను ఇదేవిధంగా పోల్పించి, 2025 జనవరిలో సింధులిపిని చదివినవారికి పదిలక్షల డాలర్ల బహుమతిని ప్రకటించినది.

పోలికలను నేను తేలికపరచను. కాని పోలిక ఎంతవరకు సాక్ష్యమిస్తుందో కూడా చూడవలసి ఉన్నది. మేకుతో గట్టి కుండమీద గీయగల రూపాలు ఎన్ని ఉంటాయి? అడ్డమూ నిలువూ కలిపితే కూడికగుర్తు. అది బ్రాహ్మీలో కకారం. రెండు వాలుగీతలు పైన కలిపితే బ్రాహ్మీలో గకారం. నిలువుగీతకు పైన రెండు చెవులు పెడితే బాణం. అది రూనులలో తకారం! అంతమాత్రాన నార్వేవారు గోదావరి ఒడ్డుకు వచ్చినారని ఎవరూ అనరు గదా. పనిముట్టూ, పదార్థమూ రూపాన్ని చాలావరకు నిర్ణయిస్తవి. రూనులలో అడ్డగీత దాదాపు కనబడదు. కొయ్యపీచు వెంబడి అడ్డంగా చెక్కితే గీత పీచులో కలిసిపోతుంది, లేదా చెక్క చీలుతుంది. తాటాకుమీద గంటంతో వ్రాసిన మన అక్షరాలు గుండ్రదనం పొందడానికి కూడా పెద్దలు ఇటువంటి కారణమే చెబుతారు.

అయితే గుర్తును ఎట్లా విచారించాలి? రూపాన్ని చివర అడగవలె. ముందు అడగవలసినది, ఈ గీత ఎప్పుడు గీచినారు అన్నది. పచ్చికుండమీద గీస్తే మన్ను మెత్తగా ప్రక్కకు లేచి గీతకు గట్టు ఏర్పడుతుంది. కాల్చిన కుండమీద గీస్తే గీత సన్నగా, అంచులు పెచ్చులూడి ఉంటుంది. పచ్చిదానిమీది గీత కుమ్మరిది. కాల్చినదానిమీది గీత, కొన్నవారిదో, వాడినవారిదో, సమాధిలో పెట్టినవారిదో. సమాధికుండల గుర్తులు చాలావరకు కాల్చిన తరువాత గీచినవే. కనుక అవి కుమ్మరి వ్యాపారపు గుర్తులన్న ఊహకు బలం తగ్గుతుంది. దక్షిణాన కొన్నిచోట్ల ఒకే సమాధిలోని పలు కుండలమీద ఒకే గుర్తు కనబడినది. ఇది ఇంటిపేరువంటిదో, గోత్రంవంటిదో అయి ఉండవచ్చునన్న ఊహకు ఇది బలమిస్తుంది. ఇక్కడ మనకు సాయపడినది గీత ఆకారం కాదు. ఆ కుండ ప్రక్కన ఏ కుండ ఉన్నదన్న సంగతి.

అందుచేతనే సమాధిని పగులగొట్టి, గీత ఉన్న పెంకును మాత్రం ఏరి ఇంటికి తెచ్చినవారు, మంచి ఉద్దేశంతోనే అయినా, ఆ గీత నాలుకను కోసినట్లే. పెంకు మిగులుతుంది, ప్రక్కన ఉన్నదేమిటో పోతుంది. పొలం చదునుచేసేటప్పుడు, కంకరకోసం గుట్టలు తవ్వేటప్పుడు ఇటువంటి బండవలయాలు ఏటేటా తగ్గిపోతున్నవి. కనబడినచోటనే ఉంచి, పురావస్తుశాఖకు కబురుచేయడం ఒక్కటే మనం చేయగల సాయం.

గుర్తు అక్షరం కాకపోతే దానికి అర్థం లేనట్లా? మన ఊళ్ళను చూడండి. చాకలి మైలబట్టలు పట్టుకుపోయి, నల్లజీడి రసంతో అంచుమీద ఒక చుక్కో, రెండు చుక్కలో, చుక్కా గీతో పెట్టేవాడు. వంద ఇళ్ళ బట్టలు ఒక్క రేవులో ఉతికినా ఎవరివి వారికి చేరేవి. కల్లంలో తూర్పారబట్టిన ధాన్యపురాశిమీద కొయ్యముద్ర వేసేవారు. రాశిని ఎవరైనా తాకితే ముద్ర చెదిరిపోయి దొంగతనం బయటపడేది. దేవునిపేర విడిచిన కోడెకు అచ్చువేసేవారు. ఆ అచ్చు ఉన్న ఆంబోతు చేనిలో పడినా కొట్టడానికి జంకేవారు. తిట్టుగా మనం వాడే మాట అక్కడినుండే వచ్చినది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఏ భాషలోని శబ్దాన్నీ చెప్పదు. కాని ఒకటి సొత్తును చెబుతుంది, ఒకటి కావలి కాస్తుంది, ఒకటి అభయమిస్తుంది. వేయి సంవత్సరాల తరువాత ఒక పండితుడు ఆ చీర అంచును చూచి రెండు చుక్కలకు ఏమి ఉచ్చారణ అని తలపట్టుకుంటే, మనం నవ్వమా?

ఇక నాణేలు. జగిత్యాల జిల్లాలో పెద్దవాగు గోదావరిలో కలిసేచోట కోటిలింగాల ఉన్నది. 2016లో జిల్లాలు విడిపోకముందు అది కరీంనగరం జిల్లాలోనిదే. అక్కడ దొరికిన నాణేలవల్ల శాతవాహనులకు ముందరి రాజుల పేర్లు కొన్ని మొదటిసారిగా చరిత్రకెక్కినవి. గోభద, నారన, సమగోప, కంవాయ అనేవారు. చిముక శాతవాహనుని నాణేలు కూడా అక్కడ దొరికినవి. పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు వీటిని చదివి ప్రకటించినప్పుడు, శాతవాహనుల తొలి అడుగులు ఎక్కడపడినవన్న చర్చ గోదావరి మధ్యభాగంవైపు తిరిగినది. ఆ ఊరి పరిసరభూమిలో కొంత తరువాత ఎల్లంపల్లి జలాశయపు నీటి క్రిందకు పోయినది.

ఈ నాణేలమీద పేర్లతోపాటు గుర్తులూ ఉంటాయి. నాలుగు వలయాలను ఒక కూడికగుర్తు కలిపినట్లుండేది ఉజ్జయినీ చిహ్నం. ఒకదానిపై ఒకటి పేర్చిన విల్లువంపుల గుట్ట మరొకటి. కంచెలోని చెట్టు, ఏనుగు, ఎద్దు ఉండనే ఉన్నవి. విల్లువంపులగుట్టను చూచి పూర్వం కొందరు ఇది బౌద్ధచైత్యమన్నారు, కొందరు పర్వతమన్నారు. చైత్యమన్నవారు దానిమీద రాజుల మతాన్నే నిర్ణయించబోయినారు. నాకు అది తొందరగానే తోస్తుంది. ఒకే గుర్తును ఎన్నో వంశాలు, ఎన్నో ఊళ్ళు వాడుకున్నవి. నాణెం చేతులు మారవలె. చదువురాని బేరగాడు సైతం చూడగానే ఇది చెల్లే నాణెమని గుర్తించవలె. ఆ పనికి అందరూ ఎరిగిన గుర్తే కావాలిగాని రాజుగారి వేదాంతంతో పనిలేదు.

పేర్లను చదవగలిగినాము గనుక ఈమాత్రమైనా అనగలుగుతున్నాము. ఆ చదువు ఎట్లా వచ్చినదో చాలామందికి తెలియదు. బ్రాహ్మీలిపిని మరచిపోయి శతాబ్దాలు గడచిన తరువాత, 1837లో కలకత్తా టంకశాలలో పనిచేసిన జేమ్స్ ప్రిన్సెప్ సాంచీ స్తూపపు ప్రాకారంమీది చిన్న చిన్న వ్రాతల నకళ్ళను ముందుపెట్టుకుని కూర్చున్నాడు. ఎన్నో వ్రాతలు ఒకే రెండు అక్షరాలతో ముగుస్తున్నవి. స్తంభానికొకటి, పలకకొకటి, విడివిడిగా ఉన్న ఈ చిన్న వ్రాతలు ఎందుకు చెక్కి ఉంటారు? భక్తులు రాళ్ళు సమర్పించి పేర్లు వేయించుకుని ఉంటారు. మన గుళ్ళలో మెట్లమీద వేయించుకున్నట్లే. అయితే ఆ చివరి మాట దానం అయి ఉండాలి. ఆ ఒక్క ఊహతో దకారమూ నకారమూ దొరికినవి. తరువాత లిపి అంతా విడిపోయినది. అక్షరం తెలిసి ప్రయోజనం తెలియలేదు. ప్రయోజనం ఊహించి అక్షరం పట్టుకున్నాడు. ఆ రోజు ఆ చివరి మాట పట్టుబడకపోతే గోభదుని పేరు మనకు కుండమీది నిచ్చెనకంటె ఎక్కువేమీ చెప్పేది కాదు.

అంతకు పాతవైన విద్ధాంక నాణేలమీద పేర్లు లేనే లేవు. వెండి రేకుముక్కమీద ఒకవైపు సాధారణంగా ఐదు ముద్రలు కొట్టి ఉంటాయి. సూర్యుడు, ఆరుకొనల చక్రం తరచు కనబడుతవి. వెనుకవైపు చిన్న చిన్న ముద్రలు ఉంటాయి. ఒకదానిమీద ఒకటి రెండు, మరొకదానిమీద అరడజను. వీటికి పురాణార్థాలు చెప్పినవారు కొల్లలు. గణితశాస్త్రజ్ఞుడైన దామోదర్ ధర్మానంద కోశాంబి మాత్రం 1940 ప్రాంతంలో తక్షశిల నాణేలను తీసుకుని సున్నితపు త్రాసులో తూచినారు. వెనుక ముద్రలు ఎక్కువైనకొద్దీ నాణెం బరువు తగ్గుతూ వస్తున్నది! చేతులు మారి మారి అరిగిన నాణేనికే ఎక్కువ ముద్రలు పడినవన్నమాట. అంటే అవి ఎప్పటికప్పుడు వర్తకులు పరీక్షించి వేసిన చెల్లుబడి ముద్రలు కావచ్చును. గుర్తుల అర్థాన్ని కంటితో కాక త్రాసుతో చదివిన ఈ పనికంటె మేలైన పాఠం నాకు ఈ శాస్త్రంలో మరొకటి కనబడలేదు.

ఇంతవరకు చెప్పినవన్నీ, చేసినవారూ వాడినవారూ పోయిన గుర్తులు. ఆదిలాబాదు జిల్లాలో ఇందుకు భిన్నమైన సంఘటన జరిగినది. నార్నూరు మండలంలో గుంజాల అనే గోండు గ్రామం ఉన్నది. 2006 ప్రాంతంలో ఆచార్య జయధీర్ తిరుమలరావుగారూ, వారితోటి పరిశోధకులూ ఆ ఊరిలో సుమారు పన్నెండు వ్రాతప్రతులను చూచినారు. ఆ లిపి తెలుగు కాదు, నాగరి కాదు. ఏ ఊరి పెట్టెలోనో యజమాని లేకుండా దొరికి ఉంటే, ఆ కాగితాలను కూడా ఎవరో ఒకరు యంత్రాలనో మంత్రాలనో అనేవారే. కాని చదవగలిగిన పెద్దలు కొందరు ఆ ఊరిలో సజీవులై ఉన్నారు. చేతివ్రేళ్ళతో లెక్కించదగినంతమంది మాత్రమే. వారు చదివి వినిపించినారు. అది గోండీ భాష. చంద్రాపురం గోండురాజుల ముచ్చట్లు, బర్మాలోని పెగూతో వర్తకపు ప్రస్తావన అందులో ఉన్నట్లు పరిశోధకులు ప్రకటించినారు. ప్రతులలో కొన్నింటి కాలం 1750 ప్రాంతమని అంచనా వేసినారు.

ఒక విచిత్రం చెప్పవలె. 1940 దశకంలో, కుమురం భీము తిరుగుబాటు అణగారిన తరువాత, నిజాం ప్రభుత్వం పంపగా హైమెన్‌డార్ఫ్ ఆ అడవులలో తిరిగి గోండుల ఆచారాలను గ్రంథస్థం చేసినాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులను తయారుచేసే బడి తెరచినారు. పిల్లలకోసం గోండీ వాచకాలు అచ్చువేసినారు. ఆ వాచకాలు నాగరి లిపిలో ఉన్నవి. గోండీకి సొంతలిపి లేదనుకోవడమే అప్పటి రివాజు. గుంజాల అక్కడికి ఎంతో దూరం కాదు. ఇంట్లో మూటకట్టి ఉన్నదాన్ని చూపమని ఎవరూ అడగలేదు, అడగనివారికి ఎవరూ చూపలేదు.

ఆ పెద్దలు మరొక ఇరవై ఏళ్ళు ముందుగా కన్నుమూసి ఉంటే ఏమయ్యేది? లిపి అట్లాగే ఉండేది; చదివే పెదవి ఉండేది కాదు. కుండమీది గుర్తుకూ గుంజాల అక్షరానికీ మధ్య అంతరం అంతే, ఒక మనిషి ఆయుస్సు. తరువాతి యేళ్ళలో ఈ లిపిలో వాచకాలు అచ్చయినవి, కొన్ని గిరిజన పాఠశాలలలో నేర్పినారు, 2018లో యూనికోడ్ సంస్థ గుంజాల గోండీ పేరుతోనే దానికి చోటిచ్చినది. అంతకు ముందు సంవత్సరం, బాలాఘాట్ ప్రాంతపు మున్షీ మంగల్‌సింగ్ మసారాం 1918లో కల్పించిన మరొక గోండీ లిపికీ చోటు దొరికినది. అందువల్ల ఇప్పుడు ఈ అక్షరాలను ఫోనులో కూడా వ్రాయవచ్చును. ఫోనులో ఉండటం వేరు, ఇంట్లో తాత మనుమనికి దిద్దించడం వేరు అని నేను వేరే చెప్పనక్కరలేదు.

ఈ లిపి వేరెవరిదో ఎరువు తెచ్చుకున్నదా, తనకు తాను ఎదిగినదా అన్నవారికి అక్షరాల రూపంకంటె వరుస ఎక్కువ చెబుతుంది. మనం క ఖ గ ఘ అని మొదలుపెడతాము. గుంజాల అక్షరమాలలో హల్లులు యకారంతో మొదలై, వకారం, బకారం, భకారం, మకారం వచ్చి, ఆ తరువాత కకారం వస్తుంది. తెలుగుబడి పలకనో, మరాఠీబడి పలకనో చూచి దించుకున్నవారు ఇట్లా వ్రాయరు. రూనులదీ ఇదే తీరు. వాటి రూపాలకు మూలం దక్షిణ ఐరోపాలోని లిపులే అయినా వాటి వరుస ఆ లిపుల వరుస కాదు; ఫ, ఉ, థ, అ, ర, క అని నడుస్తుంది. ఆ మొదటి ఆరింటిని కలిపే ఆ వరుసకు ఫుథార్క్ అని పేరు పెట్టినారు. స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ ద్వీపంలో, క్రీ.శ. 400 ప్రాంతపు ఒక సమాధిలో దొరికిన రాతిమీద 24 అక్షరాలూ ఆ వరుసలోనే చెక్కి ఉన్నవి. ఎవరు ఎందుకు చెక్కించినారో ఆ రాయి చెప్పదు. గుంజాలలో మాత్రం ఆ వరుసను నోటితో వల్లించగలవారిని కూర్చోబెట్టి, వారు చెబుతూ ఉండగా వ్రాసుకున్నారు.